మూడు రూల్స్ రిజిస్టర్ చేశాక కూడా కంటెయినర్ తెలియదంటుందేం?

“లోన్ దరఖాస్తుల్ని పరిశీలించే ప్రోగ్రామ్ ఒకటి రాస్తున్నాను. పాన్ నంబరు సరిచూసే క్లాసు ఒకటి, వయసు చూసేది ఒకటి, ఆదాయం చూసేది ఒకటి. మూడూ ‘లోన్‌రూల్’ అనే ఒకే ఇంటర్‌ఫేస్‌ని ఇంప్లిమెంట్ చేస్తాయి. మూడింటినీ కంటెయినర్‌లో రిజిస్టర్ చేశాను. దరఖాస్తు పరిశీలించే క్లాసు తన కన్‌స్ట్రక్టర్‌లో లోన్‌రూల్స్ అర్రే కావాలని అడుగుతుంది. రన్ చేస్తే, ఆ అర్రే ఏమిటో నాకు తెలియదంటూ ఎర్రర్ వస్తోంది. ఉన్న మూడింటినీ ఓ అర్రేలో పెట్టి ఇవ్వడానికి దానికేం కష్టం?”

డిపెండెన్సీ ఇంజెక్షన్ కొత్తగా పట్టుకున్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. పొట్టిగా జవాబు కావాలంటే: కంటెయినర్ లెక్కలో ‘లోన్‌రూల్’ ఒక టైపు, ‘లోన్‌రూల్ అర్రే’ ఇంకో టైపు. మొదటిదాన్ని మీరు మూడుసార్లు రిజిస్టర్ చేశారు, రెండోదాన్ని ఒక్కసారి కూడా చేయలేదు. సరిచేయడానికి చాలా కంటెయినర్లలో ఒక్క లైను మారిస్తే చాలు. కానీ ఆ లైను మార్చి ఊరుకుంటే, ఎర్రర్ ఇవ్వకుండానే తప్పుడు జవాబులు చెప్పే ప్రోగ్రామ్ మీ చేతికి రావచ్చు. దానికంటే ఇప్పుడొస్తున్న ఎర్రరే నయం. అందుకని కాస్త మొదటినుంచి వద్దాం.

కంటెయినర్ అసలు చేసే పనేమిటి?

ఒక క్లాసు తన పనికి కావలసిన ఆబ్జెక్టుల్ని తనే ‘న్యూ’ కొట్టి తయారుచేసుకోకుండా, కన్‌స్ట్రక్టర్ ద్వారా బయటినుంచి తీసుకోవడమే డిపెండెన్సీ ఇంజెక్షన్. 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ రాసిన ఒక వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది. జావాలో స్ప్రింగ్, పికోకంటెయినర్ అప్పటికే ఈ పని చేస్తున్నాయి. నిజానికి దీనికి కంటెయినర్ ఉండితీరాలని ఏమీ లేదు. మెయిన్‌లో కూర్చుని అన్నిటినీ చేత్తో కూర్చుకోవచ్చు, చిన్న ప్రోగ్రామ్‌కి అదే మేలు కూడా. క్లాసులు వందల్లోకి వెళ్ళాక, ఒకదాని కన్‌స్ట్రక్టర్ మారితే పది చోట్ల దిద్దుకోవలసి వచ్చినప్పుడు కంటెయినర్ విలువ తెలుస్తుంది.

ఇల్లు కట్టించే మేస్త్రిలాంటిది కంటెయినర్. ప్లంబర్ కావాలంటే తనకు తెలిసిన ప్లంబర్ని పిలుచుకొస్తాడు. ఆ ప్లంబర్‌కి కావలసిన పైపుల సంగతి కూడా తనే చూసుకుంటాడు. అయితే ‘పెయింటర్ని పంపు’ అనడం వేరు, ‘నీకు తెలిసిన పెయింటర్లందర్నీ పంపు’ అనడం వేరు. రెండో మాట వినగానే మేస్త్రి ఆగి అడుగుతాడు: అందరూ అంటే ఎవరెవరు? ముందు ఎవరు రావాలి? ఇవాళే అందర్నీ దింపాలా, పని పడినప్పుడు పిలవనా? ఒక్కడూ దొరక్కపోతే పని ఆపెయ్యనా? కంటెయినర్ ఇలా ఆగి అడగదు. ఈ ప్రశ్నలన్నిటికీ దాన్ని రాసినవాళ్ళు తమకు తోచిన జవాబులు ముందే పెట్టేసి ఉంటారు. ఒక్కో కంటెయినర్‌లో ఆ జవాబులు ఒక్కో రకం. ఈ విషయంలో తికమకంతా అక్కణ్ణుంచే పుడుతుంది.

అర్రే అడిగితే లోపల ఏం జరుగుతుంది?

కంటెయినర్ కడుపులో ఉండేది ఒక పట్టిక. ఎడమపక్క టైపు పేరు, కుడిపక్క దాన్ని తయారుచేసే విధానం. ‘లోన్‌రూల్ అడిగితే పాన్‌రూల్ ఇవ్వు’ అన్నది ఒక వరస. మీరు ఫలానా క్లాసు కావాలనగానే కంటెయినర్ ఆ క్లాసు కన్‌స్ట్రక్టర్‌ని రిఫ్లెక్షన్ ద్వారా తెరిచి చూస్తుంది, ఒక్కో పారామీటర్ టైపునీ పట్టికలో వెతుకుతుంది, దొరికినదాన్ని తయారుచేస్తుంది. దానికీ డిపెండెన్సీలుంటే మళ్ళీ ఇదే పని, అట్టడుగు దాకా.

ఈ వెతుకులాటలో ‘లోన్‌రూల్ అర్రే’ అన్నది ఎడమపక్క ఎక్కడా లేదు. మనిషి కంటికి లోన్‌రూల్‌కీ లోన్‌రూల్ అర్రేకీ ఉన్న చుట్టరికం తెలుస్తుంది గానీ, టైపుల ప్రపంచంలో అవి రెండు వేర్వేరు టైపులు. కాబట్టి కంటెయినర్ రాసినవాళ్ళు ఒక ప్రత్యేక సూత్రం చేరిస్తే తప్ప పని జరగదు: అడిగింది ఫలానా రకం కలెక్షన్ అయితే, దాని లోపలి టైపును బయటికి తియ్యి, పట్టికలో ఆ టైపు పేరున ఉన్న వరసలన్నీ పోగుచెయ్యి, ఒక్కోదాన్నీ తయారుచేసి వరసగా పేర్చి ఇవ్వు.

డాట్‌నెట్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ కంటెయినర్ వెతికే క్రమం చూస్తే ఇది చక్కగా తెలుస్తుంది. అడిగిన టైపు అచ్చంగా అదే పేరుతో రిజిస్టరై ఉందా అని ముందు చూస్తుంది. లేకపోతే ఓపెన్ జెనెరిక్‌గా ఉందా అని చూస్తుంది. అదీ కాకపోతే, అడిగింది ఐఎన్యూమరబుల్ ఆఫ్ ఏదోనా అని చూసి, అయితే పైన చెప్పిన పోగుచేసే పని మొదలుపెడుతుంది. అంటే ఐఎన్యూమరబుల్ ఆఫ్ లోన్‌రూల్‌నే మీరు నేరుగా రిజిస్టర్ చేస్తే మీ మాటే నెగ్గుతుంది, పోగుచేయడం దాకా వెళ్ళదు.

గమనించవలసింది ఇంకొకటుంది. ఈ కంటెయినర్ గుర్తుపట్టేది ఐఎన్యూమరబుల్ ఒక్కదాన్నే. అర్రే అడిగితే కుదరదు, లిస్ట్ అడిగితే కుదరదు, ఐరీడ్‌ఓన్లీలిస్ట్ అడిగినా తెలియదనే అంటుంది. ప్రశ్న అడిగినవాళ్ళది ఈ కంటెయినరే అయితే, కన్‌స్ట్రక్టర్‌లో అర్రే బదులు ఐఎన్యూమరబుల్ అని మార్చి, లోపల ‘టు అర్రే’ పిలిస్తే వెంటనే పని జరుగుతుంది.

మిగతా కంటెయినర్ల సంగతి?

క్యాసిల్ విండ్సర్ వాడేవాళ్ళకి ఈ ఎర్రర్ మరీ పరిచయం. విండ్సర్‌లో కన్‌స్ట్రక్టర్‌కి కలెక్షన్ అందించే ఏర్పాటు ఉంది, కానీ స్విచ్ ఆఫ్‌లో ఉంటుంది. ‘కలెక్షన్ రిజాల్వర్’ అనే క్లాసు ఆబ్జెక్టు ఒకటి తయారుచేసి, కెర్నెల్‌లోని రిజాల్వర్‌కి సబ్‌రిజాల్వర్‌గా తగిలించాలి. కంటెయినర్ తయారవగానే, రిజిస్ట్రేషన్లు మొదలుపెట్టకముందే తగిలించడం మంచి అలవాటు. ఆ తర్వాత అర్రే అడిగినా, ఐలిస్ట్ అడిగినా, ఐఎన్యూమరబుల్ అడిగినా ఇస్తుంది. తమాషా ఏమిటంటే, అది తగిలించకపోయినా కంటెయినర్‌ని నేరుగా ‘రిజాల్వ్ ఆల్’ అని అడిగితే మూడు రూల్సూ చక్కగా వస్తాయి. ‘అడిగితే ఇస్తోంది, కన్‌స్ట్రక్టర్‌లో పెడితే ఇవ్వట్లేదు’ అని జుట్టు పీక్కునేది ఇక్కడే.

ఆటోఫాక్‌లో ఏ స్విచ్చూ వేయనక్కర్లేదు. అర్రే, ఐఎన్యూమరబుల్, ఐలిస్ట్ అన్నీ దానికి పుట్టుకతోనే తెలుసు. పాత యూనిటీ కంటెయినర్ చాలామందిని బోల్తా కొట్టించింది. అర్రే అడిగితే పేరుపెట్టి రిజిస్టర్ చేసినవాటినే పోగుచేసేది, పేరు లేకుండా రిజిస్టర్ చేసినదాన్ని వదిలేసేది. సింపుల్ ఇంజెక్టర్ దారి వేరు. ఒక్కటిగా వాడేవాటినీ కలెక్షన్‌గా వాడేవాటినీ రెండు విడి ఖాతాల్లో రాయమంటుంది. మొదట్లో చాదస్తంగా తోస్తుంది గానీ, నాకు నచ్చిన పద్ధతి అదే. ఎందుకో కింద వస్తుంది.

జావా వైపు స్ప్రింగ్‌లో లిస్ట్ అడిగితే ఆ టైపు బీన్లన్నీ లిస్టుగా వస్తాయి. కీ స్ట్రింగ్‌గా ఉన్న మ్యాప్ అడిగితే బీన్ పేర్లే కీలుగా మ్యాప్ వస్తుంది. ఆండ్రాయిడ్ వాళ్ళు ఎక్కువగా వాడే డాగర్‌లో ఒక్కో ప్రొవైడర్ మీద ‘ఇన్‌టుసెట్’ అని రాసిపెట్టాలి, కంపైల్ చేసేటప్పుడే అన్నీ ఒక సెట్‌లో చేరతాయి. యాంగులర్‌లో ప్రొవైడర్ రాసేటప్పుడు ‘మల్టీ ట్రూ’ అని చెప్పాలి. ఒకే టోకెన్‌కి ఒక చోట మల్టీ అని, ఇంకో చోట మామూలుగా రాస్తే ఎర్రర్ ఇస్తుంది. ఈ రెంటిలోనూ ‘నేను గుంపులో మనిషిని’ అని రిజిస్ట్రేషనే చెప్పుకుంటుంది. మొదట చెప్పినవాటిలో, సింపుల్ ఇంజెక్టర్ తప్ప, గుంపు కట్టేది అడిగేవాళ్ళే.

మూడు రిజిస్ట్రేషన్లుండగా ఎవరైనా ఒకే ఒక్క లోన్‌రూల్ అడిగితే? మైక్రోసాఫ్ట్ కంటెయినర్, ఆటోఫాక్ చివర రిజిస్టరైనదాన్ని ఇస్తాయి. విండ్సర్ మొదటిదాన్ని ఇస్తుంది. స్ప్రింగ్‌లో ప్రైమరీ అని దేన్నీ గుర్తుపెట్టకపోతే, పారామీటర్ పేరు ఏ బీన్ పేరుతోనూ కలవకపోతే, ఏది ఇవ్వాలో తేలక అప్లికేషన్ లేవనే లేవదు. విండ్సర్ నుంచి మైక్రోసాఫ్ట్ కంటెయినర్‌కి మారేవాళ్ళు ఈ మొదటిదీ చివరిదీ తేడాని ముందే చూసుకోకపోతే, కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే ప్రోగ్రామ్ ప్రవర్తన మారిపోతుంది.

అందరూ అంటే ఎవరెవరు?

కలెక్షన్ వచ్చింది, ఎర్రర్ పోయింది. ఇప్పుడు చూడవలసింది అందులో నిజంగా ఎవరున్నారని.

మొదటి పొరపాటు పాన్‌రూల్‌ని పాన్‌రూల్‌గానే రిజిస్టర్ చేయడం. ఇంటర్‌ఫేస్ పేరు చెప్పకుండా క్లాసు పేరు మాత్రమే ఇస్తే, పట్టికలో ఎడమపక్క పాన్‌రూల్ అని పడుతుంది. లోన్‌రూల్ పేరున పోగుచేసేటప్పుడు దాని వైపు ఎవరూ చూడరు. క్లాసు ఆ ఇంటర్‌ఫేస్‌ని ఇంప్లిమెంట్ చేస్తుంది కదా, కంటెయినర్‌కి తెలియదా అంటే తెలియదు. దానికి తెలిసింది పట్టిక ఒక్కటే.

రెండోది డాట్‌నెట్‌లో ‘ట్రైయాడ్’ వాడకం. మామూలు ‘యాడ్’ ఎన్నిసార్లు పిలిస్తే అన్ని వరసలు చేరుస్తుంది. ‘ట్రైయాడ్’ మాత్రం ఆ సర్వీస్ టైపు పేరున ఒక్క వరస ఉన్నా చాలు, నోరు మూసుకుని వెనక్కి తిరుగుతుంది. లైబ్రరీలు రాసేవాళ్ళకి ఇది మంచి పనిముట్టు, యూజర్ ముందే తన సొంతది పెట్టుకునుంటే దాన్ని గౌరవించడానికి. కానీ మూడు రూల్స్‌నీ ట్రైయాడ్‌తో చేర్చారనుకోండి, మొదటి పాన్‌రూల్ చేరుతుంది, తర్వాతి రెండూ గుట్టుచప్పుడు కాకుండా పోతాయి. వయసు చూడకుండా, ఆదాయం చూడకుండా లోన్లు మంజూరవుతూ ఉంటాయి.

అలాగని యాడ్ వాడితే నిశ్చింత అనుకోనక్కర్లేదు. రూల్స్‌ని రిజిస్టర్ చేసే మెథడ్ ఒకటి రాశారు. దాన్ని స్టార్టప్‌లో ఒకరు పిలిచారు, ఇంకో మాడ్యూల్ లోపల ఇంకొకరు పిలిచారు. ఇప్పుడు పట్టికలో ఆరు వరసలు, కలెక్షన్‌లో ఆరు రూల్స్. పరిశీలన రెండుసార్లు జరిగితే నష్టం లేదు, ప్రోగ్రామ్ కొంచెం నెమ్మదిస్తుందంతే. అవే ఎస్సెమ్మెస్ పంపే క్లాసులైతే కస్టమర్‌కి ఒకే సందేశం రెండుసార్లు వెళ్తుంది.

ఈ రెంటికీ నడుమ ‘ట్రైయాడ్ఎన్యూమరబుల్’ ఉంది. ఇది సర్వీస్ టైపునీ, ఇంప్లిమెంటేషన్ టైపునీ జంటగా చూస్తుంది. లోన్‌రూల్‌కి పాన్‌రూల్ ఇదివరకే ఉంటే మళ్ళీ చేర్చదు, లోన్‌రూల్‌కి వయసురూల్ లేకపోతే చేరుస్తుంది. కలెక్షన్లకోసం కావలసింది సరిగ్గా ఇదే. డాట్‌నెట్‌లో బ్యాక్‌గ్రౌండ్ పనులు చేర్చే ‘యాడ్ హోస్టెడ్ సర్వీస్’ కూడా లోపల దీన్నే వాడుతుంది. ఒక్క జాగ్రత్త: క్లాసు పేరు ఇవ్వకుండా, లోన్‌రూల్ అని మాత్రమే తిరిగిచ్చే లాంబ్డా ఇస్తే ఒకదానికొకటి తేడా తెలియదని ఇది ఎక్సెప్షన్ విసురుతుంది. విసరడమే మంచిది.

ఒక్కటీ లేకపోతే?

ఇక్కడ కాసేపు ఆగాలి. కలెక్షన్ డిపెండెన్సీల్లో అసలు ప్రమాదం ఇదే.

ఒక్క లోన్‌రూల్ అడిగి, పట్టికలో లేకపోతే కంటెయినర్ అరుస్తుంది. లోన్‌రూల్స్ కలెక్షన్ అడిగి, పట్టికలో ఒక్కటీ లేకపోతే మైక్రోసాఫ్ట్ కంటెయినర్ ఖాళీ కలెక్షన్ చేతిలో పెట్టి ఊరుకుంటుంది. ఆటోఫాక్ కూడా అంతే. వాటి తర్కం వాటికుంది: ‘ఉన్నవన్నీ ఇవ్వు’ అన్నారు, ఉన్నవి సున్నా, సున్నా ఇచ్చాం.

ఇప్పుడు పరిశీలన క్లాసులోని అసలు లైను చూడండి. రూల్స్ అన్నీ ఈ దరఖాస్తుని ఒప్పుకుంటున్నాయా అని సీ షార్ప్‌లో ‘ఆల్’ అనే మెథడ్‌తో అడుగుతాం. కలెక్షన్ ఖాళీగా ఉంటే ఆల్ ఇచ్చే జవాబు ‘ట్రూ’. బగ్ కాదిది, తర్కశాస్త్రం ప్రకారం సరైన జవాబే. ఒప్పుకోని రూల్ ఒక్కటైనా చూపించండి అంటే చూపించడానికి ఏదీ లేదు కాబట్టి, అన్నీ ఒప్పుకున్నట్టే. జావా స్ట్రీమ్స్‌లో ‘ఆల్‌మ్యాచ్’, జావాస్క్రిప్ట్‌లో ‘ఎవ్రీ’, పైథాన్‌లో ‘ఆల్’ అన్నీ ఇదే మాట చెబుతాయి. అంటే రూల్స్ రిజిస్టర్ చేయడం మరిచిపోయిన ప్రోగ్రామ్ ఆగిపోదు. వచ్చిన ప్రతి దరఖాస్తునీ మంజూరు చేస్తుంది, అదీ రెట్టింపు వేగంతో!

‘ఏ రూల్ అయినా తిరస్కరిస్తోందా’ అని తిప్పి రాసినా బయటపడలేం. ఖాళీ మీద ‘ఎనీ’ జవాబు ‘ఫాల్స్’, తిరస్కరించింది ఎవరూ లేరు, మళ్ళీ మంజూరే.

మరి సున్నా అవడమెలా? పైన చెప్పిన ఇంటర్‌ఫేస్ పేరు మరిచిపోవడం ఒక దారి. రిజిస్ట్రేషన్లని విడి మాడ్యూల్‌లోకి మార్చి, వెబ్ అప్లికేషన్‌లో దాన్ని పిలిచి, రాత్రిపూట నడిచే బ్యాచ్ ప్రోగ్రామ్‌లో పిలవడం మరిచిపోవడం ఇంకో దారి. నేను ఎక్కువ అనుమానించేది అసెంబ్లీ స్కానింగ్‌ని. ‘లోన్‌రూల్‌ని ఇంప్లిమెంట్ చేసే క్లాసులన్నీ వెతికి రిజిస్టర్ చెయ్యి’ అని చెప్పడం సుఖంగా ఉంటుంది, కొత్త రూల్ రాస్తే దానంతటదే చేరిపోతుంది. కానీ డాట్‌నెట్ అసెంబ్లీలని అవసరం పడినప్పుడే లోడ్ చేస్తుంది. స్కాన్ చేసే కోడ్ అప్పటికి లోడైనవాటినే తిరగేస్తే, రూల్స్ ఉన్న డీఎల్ఎల్‌ని ఇంకా ఎవరూ తాకలేదు కాబట్టి స్కాన్‌కి ఏమీ దొరకదు. ఎవరో ఎక్కడో ఆ డీఎల్ఎల్‌లోని క్లాసుని ముందే వాడితే దొరుకుతుంది. డెవలపర్ మెషీన్‌లో పనిచేసి, సర్వర్‌లో పనిచేయని ఘట్టాల్లో ఇదొకటి. లోడైనవాటిలో వెతకకుండా, ‘పాన్‌రూల్ ఏ అసెంబ్లీలో ఉందో ఆ అసెంబ్లీ’ అని టైపు ద్వారా చూపిస్తే ఈ బాధ తప్పుతుంది.

సున్నా విషయంలో విండ్సర్ కలెక్షన్ రిజాల్వర్ పద్ధతి మెరుగు. ఖాళీ కలెక్షన్ ఒప్పుకోవాలా అన్నదానికి విడిగా ఒక బూలియన్ ఉంది, ఏమీ చెప్పకపోతే ఒప్పుకోదు. స్ప్రింగ్‌లో ఫీల్డు మీద ‘ఆటోవైర్డ్’ పెట్టి లిస్ట్ అడిగితే, ఒక్క బీన్ కూడా లేకపోతే అప్లికేషన్ స్టార్ట్ అవదు. డాగర్‌లో ‘ఇది ఖాళీగా ఉండొచ్చు’ అని ముందే ప్రకటించకపోతే కంపైలే కాదు.

మీ కంటెయినర్ ఏం చేసినా, ఖాళీ తప్పా ఒప్పా అన్నది మీ క్లాసుకే తెలుసు. ప్లగిన్ల జాబితా ఖాళీగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. లోన్ రూల్స్ జాబితా ఖాళీగా ఉండకూడదు. కాబట్టి కన్‌స్ట్రక్టర్‌లోనే అర్రేగా మార్చి, పొడవు సున్నా అయితే అక్కడే ఎక్సెప్షన్ వెయ్యాలి. డాట్‌నెట్‌లో ‘వాలిడేట్ ఆన్ బిల్డ్’ పెట్టుకున్నాం, అది పట్టుకుంటుందిలే అనుకోవద్దు. అది చూసేది రిజిస్టరైనవాటిని తయారుచేయడం కుదురుతుందా అని. ఖాళీ కలెక్షన్ తయారుచేయడం దానికి చిటికెలో పని.

ఇంకా గట్టి కాపలా ఒక టెస్టు. అసలు ప్రోగ్రామ్ పిలిచే రిజిస్ట్రేషన్ మెథడ్‌నే టెస్టులో పిలిచి, కంటెయినర్ కట్టి, లోన్‌రూల్స్ అన్నీ అడిగి, వచ్చిన క్లాసుల పేర్లని మీరు చేత్తో రాసిన జాబితాతో పోల్చండి. అయిదారు లైన్లకు మించదు. కొత్త రూల్ రాసినప్పుడల్లా ఈ జాబితా మార్చాల్సి వస్తోందని టీమ్‌లో ఎవరో ఒకరు సణుగుతారు. సణగనివ్వండి, ఆ టెస్టు ఉన్నదే అందుకు.

వరస మాటేమిటి?

పాన్ తప్పని తేలాక ఆదాయం లెక్క చూడటం దండగ. కాబట్టి చవకైన రూల్స్ ముందు, బయటి సర్వీస్‌కి ఫోన్ కొట్టే రూల్స్ తర్వాత రావాలని కోరుకుంటాం. మైక్రోసాఫ్ట్ కంటెయినర్ రిజిస్టర్ చేసిన వరసలోనే ఇస్తానని మాట ఇచ్చింది. డాట్‌నెట్ హోస్ట్ దాని మీదే ఆధారపడుతుంది. హోస్టెడ్ సర్వీసులన్నిటినీ కలెక్షన్‌గా తీసుకుని, రిజిస్టరైన వరసలో స్టార్ట్ చేసి, ఆపేటప్పుడు వెనకనుంచి ముందుకి ఆపుతుంది. స్ప్రింగ్‌లో ఒక్కో క్లాసు మీద ‘ఆర్డర్’ అని అంకె రాసుకోవచ్చు. డాగర్ ఇచ్చేది సెట్, వరసని నమ్ముకోకూడదు. స్కానింగ్ వాడితే క్లాసులు ఏ వరసలో దొరుకుతాయో ఎవరూ హామీ ఇవ్వరు.

వరస వల్ల వేగం మాత్రమే మారితే రిజిస్ట్రేషన్ వరసకి వదిలేయొచ్చు. ఫలితం మారేట్టుంటే వదలకూడదు. స్టార్టప్ ఫైలులోని లైన్లని ఎవరో అక్షరక్రమంలో సర్దితే వడ్డీ రేటు మారిపోయే ప్రోగ్రామ్ ఎవరికీ వద్దు. అలాంటప్పుడు ఇంటర్‌ఫేస్‌లోనే వరస నంబరు ప్రాపర్టీ పెట్టి, వాడే చోట దాని ప్రకారం సార్ట్ చేయడం మేలు.

ఎప్పుడు తయారవుతాయి, ఎంతకాలం బతుకుతాయి?

ఐఎన్యూమరబుల్ అనగానే తిరగేసేటప్పుడు ఒక్కొక్కటిగా తయారవుతాయని అనుకుంటాం. మైక్రోసాఫ్ట్ కంటెయినర్‌లో అలా కాదు. కలెక్షన్ ఇచ్చేసరికే అన్నీ తయారై అర్రేలో కూర్చుని ఉంటాయి. మొదటి రూల్‌తోనే దరఖాస్తు తిరస్కరించినా, మిగతా రూల్స్, వాటి డిపెండెన్సీలతో సహా, అప్పటికే తయారైపోయాయి. సింపుల్ ఇంజెక్టర్‌లో దీనికి తలకిందులు. అది ఇచ్చే ఐఎన్యూమరబుల్ ఒక ప్రవాహం. తిరగేసిన ప్రతిసారీ కంటెయినర్‌ని అడుగుతుంది, ట్రాన్సియెంట్‌గా రిజిస్టర్ చేసినవి ప్రతిసారీ కొత్తగా పుడతాయి. ఆటోఫాక్‌లో ‘ఐఎన్యూమరబుల్ ఆఫ్ లేజీ ఆఫ్ లోన్‌రూల్’ అని అడిగితే అవసరమైనప్పుడే పుట్టించుకోవచ్చు. కన్‌స్ట్రక్టర్లు తేలిగ్గా ఉంటే ఈ గోల అక్కర్లేదు, అవి అలా ఉండాలి కూడా.

ఆయుష్షు సంగతి ఇంతకంటే ముఖ్యం. పరిశీలన క్లాసుని సింగిల్టన్‌గా పెట్టారు. రూల్స్‌లో ఒకటి డేటాబేస్ కాంటెక్స్ట్ వాడుతుంది, అది స్కోప్డ్, అంటే ఒక రిక్వెస్టుకి ఒకటి. సింగిల్టన్ ఒక్కసారే తయారవుతుంది, దాంతోపాటే కలెక్షన్, కలెక్షన్‌లోని రూల్, రూల్‌లోని కాంటెక్స్ట్. రిక్వెస్టు అయిపోయాక పోవలసిన కాంటెక్స్ట్ ప్రోగ్రామ్ ఉన్నంతకాలం బందీగా ఉండిపోతుంది. మార్క్ సీమన్ దీనికి క్యాప్టివ్ డిపెండెన్సీ అని పేరు పెట్టాడు. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కాంటెక్స్ట్‌ని ఒకేసారి పలు థ్రెడ్లు వాడకూడదు కాబట్టి, లోడ్ పెరిగినప్పుడు చిత్రవిచిత్రమైన ఎర్రర్లొస్తాయి.

కలెక్షన్‌లో ఇది మరీ దొంగచాటుగా చేరుతుంది. మొదటి మూడు రూల్స్‌కి డేటాబేస్‌తో పనిలేదు కాబట్టి సింగిల్టన్ బాగానే నడిచింది. ఆరు నెలల తర్వాత ఇంకొకరు నాలుగో రూల్ రాస్తారు, పాత బకాయిలు చూడటానికి కాంటెక్స్ట్ వాడతారు. పరిశీలన క్లాసు ఫైలు వాళ్ళు తెరవనే లేదు. డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్‌లో డాట్‌నెట్ హోస్ట్ స్కోప్‌లని తనిఖీ చేసి, సింగిల్టన్ స్కోప్డ్‌ని మింగుతుంటే ఎర్రర్ ఇస్తుంది, కలెక్షన్ లోపలికి కూడా తొంగిచూస్తుంది. ప్రొడక్షన్‌లో ఆ తనిఖీ మామూలుగా ఆఫ్. సింగిల్టన్‌లో ఇరుక్కున్న ట్రాన్సియెంట్‌ని మాత్రం ఎక్కడా పట్టుకోదు. కలెక్షన్ తీసుకునే క్లాసుని, గట్టి కారణం ఉంటే తప్ప, సింగిల్టన్‌గా పెట్టకపోవడమే నా సలహా.

కలెక్షన్‌ని ఎవరు పట్టుకోవాలి?

లోన్ దరఖాస్తు పరిశీలన ఒక చోట, లోన్ రెన్యువల్ ఇంకో చోట, రెండు చోట్లా రూల్స్ కలెక్షన్ తీసుకుని లూప్ రాస్తే, ఖాళీ తనిఖీ, వరస, ఒక రూల్ ఎక్సెప్షన్ వేస్తే ఏం చేయాలన్నది, అన్నీ రెండు చోట్లా రాయాలి. అంతకంటే, మూడు రూల్స్‌ని తన కడుపులో పెట్టుకుని, బయటికి తనే ఒక లోన్‌రూల్‌లా కనిపించే క్లాసు ఒకటి రాయడం తెలివైన పని. దీన్నే కాంపోజిట్ అంటారు. వాడే క్లాసులు ఒకే ఒక్క లోన్‌రూల్ అడుగుతాయి. అది ఒకటో నలభయ్యో వాటికి అనవసరం.

ఇక్కడే మైక్రోసాఫ్ట్ కంటెయినర్ ఓ గొయ్యి తవ్వి పెట్టింది. కాంపోజిట్‌ని లోన్‌రూల్‌గా రిజిస్టర్ చేస్తే, అదీ పట్టికలో లోన్‌రూల్ పేరున ఒక వరసే. కాంపోజిట్ తయారవ్వాలంటే లోన్‌రూల్స్ అన్నీ కావాలి, ఆ అన్నిట్లో కాంపోజిట్ కూడా ఉంది, అది తయారవ్వాలంటే మళ్ళీ లోన్‌రూల్స్ అన్నీ కావాలి. సర్క్యులర్ డిపెండెన్సీ అని ఎర్రర్ వస్తుంది. విడిరూల్స్‌కి లోన్‌రూల్ ఉంచి, కాంపోజిట్‌కి ‘లోన్‌పాలసీ’ అని వేరే ఇంటర్‌ఫేస్ ఇస్తే గొడవ వదులుతుంది. పేరు కూడా అర్థవంతంగా ఉంటుంది. ఆటోఫాక్ 6 నుంచి దీనికోసమే ‘రిజిస్టర్ కాంపోజిట్’ ఇచ్చింది. సింపుల్ ఇంజెక్టర్ రెండు ఖాతాల చాదస్తం మెచ్చుకున్నది ఇందుకే. కలెక్షన్ ఖాతాలో విడిరూల్స్, ఒంటరి ఖాతాలో కాంపోజిట్. రెండూ ఒకే ఇంటర్‌ఫేస్ పేరుతో ఉన్నా ఒకదాని జోలికొకటి రాదు.

అన్నీ కాదు, వాటిలో ఒకటే కావాలంటే?

యూపీఐ అయితే ఈ క్లాసు, కార్డు అయితే ఆ క్లాసు అని ఎంచుకోవలసినప్పుడు కలెక్షన్ తీసుకుని లోపల ఇఫ్‌లు రాయకండి. స్ప్రింగ్‌లో మ్యాప్ అడగండి, ఆటోఫాక్‌లో ఐఇండెక్స్ అడగండి. మైక్రోసాఫ్ట్ కంటెయినర్‌లో 2023 నవంబరులో వచ్చిన డాట్‌నెట్ 8 నుంచి కీడ్ సర్వీసులున్నాయి. అయితే వాటికి మారేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి: కీ పెట్టి రిజిస్టర్ చేసినవి మామూలు ఐఎన్యూమరబుల్ అడిగితే రావు. ఇదివరకు కలెక్షన్‌లో ఉన్న క్లాసుకి ఎవరైనా కీ తగిలిస్తే, అది ఆ కలెక్షన్‌లోంచి చెప్పాపెట్టకుండా మాయమవుతుంది.